ఒక చొక్కా, ఎందరు పిల్లలు?

పుట్టినప్పుడు దాదాపు 50 సెంటీమీటర్లుండే బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి 75 సెంటీమీటర్లకు చేరుతుంది. బరువు మూడింతలవుతుంది. రెండో ఏడాది మరో 12 సెంటీమీటర్ల దాకా ఎదుగుతుంది. పెద్దవాళ్ల చొక్కా కాలరు చిరిగో రంగు వెలిసో మూలన పడుతుంది. పిల్లల చొక్కా బాగుండగానే బిగుతైపోతుంది. అందుకే దుకాణంలో పసిపిల్లల బట్టలకు మూడు నెలలకో సైజు ఉంటుంది, ఏడాది తిరిగేసరికి ఇంట్లో ఒక బీరువా అర నిండుతుంది, అందులో సగం నాలుగైదుసార్లు కూడా తొడిగి ఉండరు. ఈమధ్య చదువుకున్న తల్లిదండ్రులు ఈ కొనుగోళ్ల గురించి ఆలోచిస్తున్నారు. ఎవరికీ హాని చేయని బట్ట, నేలను, నీటిని పాడుచేయని బట్ట బిడ్డకు వేయాలనుకుంటున్నారు. మార్కెట్ వాళ్లకు ఆర్గానిక్, ఎకో ఫ్రెండ్లీ, సస్టెయినబుల్ అన్న ట్యాగులతో జవాబిస్తోంది. ఆ ట్యాగులు పనికిరానివని చెప్పను. వాటిలో కొన్ని నిజంగా విలువైనవి, వాటి సంగతి ముందు ముందు చూద్దాం. కానీ పిల్లల బట్టల విషయంలో వాటికంటే ముందు వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది. ఆ బట్ట పారేసేలోపు ఎన్నిసార్లు ఒంటిమీదికి వస్తుంది, ఎందరు పిల్లలు దాన్ని తొడుగుతారు అన్నదే ఆ లెక్క. ఎందుకో తెలియాలంటే చొక్కా ఎక్కడ మొదలవుతుందో చూడాలి.

అది మొదలయ్యేది పత్తి చేనులో కాదు, అంతకుముందు పత్తి విత్తనం తయారయ్యే చేనులో. మన దేశంలో పండే పత్తిలో చాలా మటుకు హైబ్రిడ్ రకమే. హైబ్రిడ్ విత్తనం కావాలంటే ఆడ, మగ మొక్కలుగా ఎంచుకున్న రెండు రకాలను చేత్తో కలపాలి. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే పట్టుకుని, గోటితో రేకులు, కేసరాలు ఒలిచి గుర్తు పెట్టాలి. తెల్లవారాక మగ మొక్క పూల పుప్పొడిని ఆ కీలాగ్రానికి అద్దాలి. ఒక్కో పువ్వుకూ ఇదే పని, రెండు నెలలకు పైగా, రోజూ. గద్వాల, కర్నూలు, నంద్యాల వైపు దీన్ని క్రాసింగ్ అంటారు. సాగు ఖర్చులో దాదాపు సగం ఈ కూలికే పోతుంది కాబట్టి తక్కువ కూలికి దొరికే చేతుల కోసం వెతికారు. దొరికినవి పిల్లల చేతులు, అందులోనూ ఎక్కువగా ఆడపిల్లల చేతులు. పిల్లల వేళ్లు చిన్నవి, మొక్కకు సరిపోయే ఎత్తు అని కారణాలు చెప్పేవారు. అసలు కారణం కూలి. తల్లిదండ్రులకు ముందే అప్పు ఇచ్చి, సీజను పొడుగునా ఆ పిల్లను పనికి కట్టేసేవారు. పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు ఏళ్ల తరబడి దీన్ని గణాంకాలతో బయటపెట్టారు. 2015లో వచ్చిన ఆయన నివేదిక ప్రకారం దేశంలో పత్తి విత్తన చేలల్లో పనిచేసే 18 ఏళ్లలోపు పిల్లలు దాదాపు 5 లక్షలు, వారిలో 14 ఏళ్లు నిండనివారు సుమారు 2 లక్షలు. తెలుగు జిల్లాల్లో 2000 తొలి ఏళ్లతో పోలిస్తే పరిస్థితి మెరుగుపడింది. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ లాంటి సంస్థలు పిల్లలను చేలనుంచి బడికి మళ్లించాయి. విత్తన కంపెనీలకూ రైతులకూ మధ్య దళారులైన సీడ్ ఆర్గనైజర్లమీదా, ఆ కంపెనీలమీదా ఒత్తిడి పెరిగింది. అయితే సాగు పెద్ద కమతాల నుంచి చిన్న రైతు కుటుంబాలకు మారడంతో కొంత పని ఇంటి పిల్లలమీద పడింది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదంటూనే, బడి వేళ కానప్పుడు సొంత కుటుంబానికి సాయపడవచ్చని వెసులుబాటు ఇచ్చింది. ఒకరి బిడ్డకు చొక్కా రావడానికి ఇంకొకరి బిడ్డ బడి మానడం అనే సంగతి ఇంకా పూర్తిగా గతం కాలేదు.

ఆ విత్తనంతో పండిన పత్తి దూదిగా మారి నూలు మిల్లుకు వెళ్తుంది. తమిళనాడు నూలు మిల్లుల్లో సుమంగళి పథకం పేరుతో పెళ్లికాని అమ్మాయిలను మూడేళ్లపాటు హాస్టళ్లలో ఉంచి పనిచేయించుకుని, గడువు నిండాక పెళ్లి ఖర్చుకని కొంత మొత్తం చేతిలో పెట్టే పద్ధతి చాలాకాలం నడిచింది. మధ్యలో మానేసిన అమ్మాయి ఆ సొమ్ము మీద ఆశ వదులుకోవాల్సిందే. నూలు అల్లికకు తిరుప్పూర్ చేరుతుంది. మన ఇళ్లలో పసిపిల్లలకు వేసే మెత్తటి బనియన్లు, రోంపర్లు చాలావరకు అక్కడివే. ఆ ఊరి అద్దకం నీళ్లు నొయ్యల్ నదిలో కలిసి, దిగువన ఒరత్తుపాళయం జలాశయం సాగుకు పనికిరాకుండా పోయింది. రైతులు కోర్టుకెక్కారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు వందల అద్దకం యూనిట్లను మూసేయమంది. ఆ తర్వాతే వాడిన నీటిని శుద్ధిచేసి మళ్లీ వాడుకునే ఏర్పాట్లు గట్టిపడ్డాయి. కుట్టుపని సంగతికొస్తే, ఢాకా దగ్గర సావర్‌లో బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలిన 2013 ఏప్రిల్ 24ను ప్రపంచం మరిచిపోలేదు. గోడలు బీటలు వారాయని ముందురోజే తెలిసినా, ఆర్డరు గడువు దాటకూడదని కార్మికులను లోపలికి పంపారు. 1,100 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు.

ఇంత శ్రమ, ఇంత నష్టం ఉన్న వస్తువు అంత చవగ్గా ఎలా దొరుకుతోంది? చిన్న లెక్క వేసి చూడవచ్చు. నాలుగైదేళ్ల పిల్లవాడి కాటన్ టీషర్టు సుమారు 100 గ్రాములుంటుంది. వృథాతో కలిపి 130 గ్రాముల దూది కావాలనుకుందాం. జిన్నింగ్ మిల్లులో కిలో పత్తి నుంచి మూడోవంతు కంటే కాస్త ఎక్కువ దూది దిగుతుంది, మిగిలింది గింజ. అంటే ఆ టీషర్టుకు 380 గ్రాముల పత్తి చాలు. 2024–25లో పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. ఆ లెక్కన టీషర్టుకు పట్టే పత్తికి, గింజల విలువ కూడా కలుపుకుని, ఆదిలాబాద్ రైతుకో గుంటూరు రైతుకో అందేది 29 రూపాయలకు లోపే. తేమ ఎక్కువుందని కోత పెడితే అది కూడా రాదు. అదే టీషర్టు షాపింగ్ మాల్‌లో 400 పలుకుతుంది. కుట్టిన మనిషికి వెళ్లేది కూడా మొత్తం ధరలో చిన్న ముక్కే. ఈ లెక్కలో కోపం తెప్పించే విషయం ఒకటుంది, ఆశ కలిగించే విషయం ఒకటుంది. రైతుకు, కార్మికురాలికి ఇప్పుడిచ్చేదానికి సగం కలిపి ఇచ్చినా చొక్కా ధర కొద్దిగానే పెరుగుతుంది. అంటే న్యాయంగా తయారైన బట్ట మధ్యతరగతికి అందనంత ఖరీదు కావాల్సిన అవసరం లేదు. వచ్చిన చిక్కల్లా అలాంటి బట్టలు పది కొనాలనుకోవడంలో ఉంది.

చేను, మిల్లు, అద్దకం, కుట్టు, వీటన్నిటి భారం చొక్కా దుకాణానికి చేరేసరికే పడిపోయి ఉంటుంది. ఆ చొక్కాను ఐదుసార్లు తొడిగి అటకెక్కిస్తే ఆ భారమంతా ఐదుసార్ల మీదే పడుతుంది. ఇద్దరు పిల్లలు చెరో ముప్పైసార్లు తొడిగితే అరవైసార్ల మీద సర్దుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, రెండో బిడ్డ కోసం రెండో చొక్కా తయారు చేయాల్సిన పని తప్పుతుంది. ఏ సర్టిఫికెట్టూ ఒక్క చొక్కా భారాన్ని ఇంత ఖాయంగా సగానికి తగ్గించలేదు. ప్రపంచం మాత్రం ఎదురుదిశలో వెళ్తోంది. ఎల్లెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో వేసిన అంచనా ప్రకారం 15 ఏళ్లలో బట్టల ఉత్పత్తి దాదాపు రెట్టింపైంది, ఒక్కో బట్టను తొడిగే సార్లు 36 శాతం తగ్గాయి. పాత బట్ట నుంచి మళ్లీ కొత్త బట్టగా మారేది ఒక శాతం కూడా లేదు. కాబట్టి రీసైక్లింగ్‌కు ఇచ్చేస్తాంలే అన్న ధీమాతో కొనడంలో అర్థం లేదు.

ఇది మనవాళ్లకు కొత్తగా నేర్పాల్సిన సంగతి కూడా కాదు. పురిటి బిడ్డను ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె ముక్కలోనో, అమ్మమ్మ నూలు చీర ముక్కలోనో పొత్తిగుడ్డగా చుట్టేవారు. కొత్త బట్ట బారసాల నాటికే. దాన్ని ఆచారంగా చెప్పినా అందులో కచ్చితమైన తెలివి ఉంది. కొత్త బట్టకు ఉండే గంజి, మిగులు రంగు, ముడత పడకుండా పట్టించే రసాయనాలు చాలాసార్లు ఉతికిన గుడ్డలో పోయి ఉంటాయి. పసికందు పలుచని చర్మానికి అంతకంటే మంచి గుడ్డ లేదు. పిల్ల ఎదుగుతుందని లంగా అంచు పైన రెండు మూడు టక్కులు వేసి కుట్టేవారు, ఏడాదికో టక్కు విప్పితే లంగా మూడేళ్లు వచ్చేది. జాకెట్టు చంకల దగ్గర, పక్కల కుట్టులో గుడ్డ వదిలేవారు. అక్క గౌను చెల్లికి, చెల్లి నుంచి పిన్ని కూతురికి వెళ్లేది. ఇక ఎవరికీ పట్టనిది, చిరిగినది బొంతలోకో మసిగుడ్డలోకో చేరేది. ఇదంతా డబ్బులేని రోజుల సర్దుబాటని చాలామంది అనుకుంటారు. నిజమే, లేమి నేర్పిన పనే అది. అయితే లేమి పోయినంత మాత్రాన పనితనాన్ని కూడా వదిలేయాలా?

దుకాణంలో నిలబడినప్పుడు ఈ లెక్క చాలా సూటిగా పనిచేస్తుంది. బట్టను తిరగేసి కుట్టు చూడాలి. పక్కల్లో అరంగుళం గుడ్డ వదిలారా, అంచు మడత లోతుగా ఉందా, ఎలాస్టిక్‌ను బట్టకే కుట్టేశారా లేక సాగిపోతే మార్చుకునేలా గొట్టంలో పెట్టారా, భుజం పట్టీకి రెండో గుండీ ఉందా అన్నవి చూస్తే ఆ బట్ట ఎన్నాళ్లు వస్తుందో తెలిసిపోతుంది. తెల్ల రుమాలు తడిపి రుద్దితే రంగు దిగేదీ లేనిదీ అక్కడే తేలుతుంది. ఒక దారప్పోగు తీసి ఇంటికొచ్చాక కాల్చి చూస్తే, నూలైతే కాగితం వాసనతో బూడిదవుతుంది, పాలిస్టరైతే కరిగి గట్టి ఉండ కడుతుంది. అంతగా గమనించని సంగతి మరొకటి ఉంది, రంగు. ఆడపిల్లకు గులాబీ, మగపిల్లాడికి నీలం అన్న విభజన మన ఇళ్లలోకి ఈమధ్యే వచ్చింది. దానివల్ల అక్క బట్ట తమ్ముడికి పనికిరాకుండా పోతుంది. పసుపు, ఆకుపచ్చ, తెలుపు, గళ్లు, చారలు కొంటే ఆ బట్ట వెళ్లగలిగే ఇళ్లు రెట్టింపవుతాయి. ఇక పుట్టినరోజు కోసం కొనే కాన్‌కాన్ ఫ్రాకులు, తల్లీకూతుళ్ల కాంబో డ్రెస్సుల లెక్క తల్లిదండ్రులే వేసుకోగలరు. 2,500 పెట్టి కొన్న నెట్ గౌను మూడుసార్లు తొడిగితే, తొడిగినప్పుడల్లా 800 రూపాయలకు పైగా. 800 పెట్టి కొన్న నూలు గౌను ఇద్దరు పిల్లలు అరవైసార్లు తొడిగితే ఒక్కోసారికి 13 రూపాయలు పైచిలుకు. మంచి బట్ట ఖరీదు ఎక్కువనే అభ్యంతరానికి చాలావరకు జవాబు ఇక్కడే ఉంది.

ఇంతకంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. పాత బట్టలు వేస్తే చిన్నతనం, దిష్టి, జబ్బులు అంటారు. జబ్బుల సంగతి తేలిక, వేడినీళ్లలో సబ్బుతో ఉతికి మంచి ఎండలో ఆరేస్తే సరిపోతుంది. చిన్నతనం మాత్రం తేలిగ్గా కొట్టిపారేయాల్సిన మాట కాదు. ఈ నేలమీద విప్పిన బట్ట పైవాళ్ల నుంచి కిందివాళ్లకే వెళ్లింది. శూద్రులకు పాత బట్టలు, చండాలురకు శవాల మీది బట్టలు అని మనుస్మృతి విధిస్తుంది. 1927లో మహాడ్‌లో అంబేద్కర్ దళిత స్త్రీలతో మాట్లాడుతూ, కులాన్ని పట్టిచ్చే కట్టూబొట్టూ మానేసి, శుభ్రంగా, పైకులాల స్త్రీలలాగే చీర కట్టుకోమని చెప్పారు. తరతరాలుగా ఇతరులు విప్పినవే తొడిగిన కుటుంబం, తన బిడ్డకు పండక్కి కొత్త బట్టే కావాలని పట్టుబడితే అది ఆ కుటుంబం గెలుచుకున్న హక్కు. వాళ్లకు పొదుపు పాఠం చెప్పే అర్హత ఎవరికీ లేదు. బీరువాలు నిండినవాళ్లతోనే ఈ వాదన. కాబట్టి బట్టలు చేతులు మారాల్సింది మొదట సమానుల మధ్య. అన్నదమ్ముల పిల్లలు, ఒకే అపార్ట్‌మెంటులోని ఇళ్లు, ఒకే ఆఫీసులోని స్నేహితులు ఇచ్చిపుచ్చుకోవాలి. ఇంటి పనిమనిషికి మూట కట్టి ఇచ్చి చేతులు దులుపుకోవడం, పై అంతస్తు ఇంటి నుంచి తన బిడ్డకు బట్టలు అడిగి తీసుకోవడం, రెండూ ఒకటి కావు. మొదటిదానిలో మన బీరువా ఖాళీ అవుతుంది, అలవాటు మారదు. రెండోది చేసిన ఇల్లు కొనడం తగ్గిస్తుంది. ఇచ్చేది ఎవరికైనా సరే, ఉతికి, గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి ఇవ్వాలి. పాత బట్టలు సేకరించే గూంజ్ లాంటి సంస్థలకు పంపేటప్పుడు కూడా అంతే.

ఇలా కొనడం తగ్గితే చేతిలో కొంత డబ్బు మిగులుతుంది. కొనక తప్పని బట్టలకు ట్యాగుల సంగతి పట్టించుకోవాల్సింది అప్పుడు. నమ్మదగిన ట్యాగుల్లో గాట్స్ ఒకటి. ఆర్గానిక్ అని ఆ గుర్తుతో అమ్మే బట్టలో కనీసం 95 శాతం సేంద్రియ నార ఉండాలి, హానికరమైన రంగులు వాడకూడదు, ఫ్యాక్టరీలో బాలకార్మికులు, వెట్టిచాకిరీ ఉండకూడదు. ఓకోటెక్స్ స్టాండర్డ్ 100 చెప్పేది వేరు. బట్టలో మిగిలిన హానికర రసాయనాలను పరీక్షించామని మాత్రమే దాని అర్థం, మూడేళ్లలోపు పిల్లల బట్టలకు అందులో అన్నిటికంటే కఠినమైన తరగతి ఉంది. పత్తి ఎలా పండించారో అది చెప్పదు. ఉత్తినే నేచురల్, ఎకో, గ్రీన్ అని రాసుకుంటే దానికి ఏ హామీ లేదు. మరి గాట్స్‌నైనా గుడ్డిగా నమ్మవచ్చా? 2020లో ఆ సంస్థే భారత్‌లో సుమారు 20,000 టన్నుల పత్తిని సేంద్రియమని దొంగ పత్రాలతో చలామణీ చేసిన సంగతి బయటపెట్టి, 11 కంపెనీలపై నిషేధం విధించింది. దీన్ని చూపించి సర్టిఫికెట్లన్నీ బూటకమనడం తొందరపాటు. దొంగతనం పట్టుబడటానికి కూడా ఒక వ్యవస్థ ఉండాలి కదా. ట్యాగుమీద లైసెన్సు నంబరు ఉంటుంది, దాన్ని గాట్స్ వెబ్‌సైటులో ఎవరైనా సరిచూసుకోవచ్చు. నంబరే లేని గాట్స్ గుర్తును నమ్మనక్కర్లేదు. అయితే ఈ గుర్తు చేరలేని చోటు ఒకటుంది. గాట్స్ తనిఖీ జిన్నింగ్ మిల్లు దగ్గర మొదలవుతుంది. పొలానికి సేంద్రియ ధ్రువీకరణ వేరే. విత్తనం తయారైన చేను ఎక్కువగా ఈ రెంటికీ అందదు. ఆ క్రాసింగ్ చేసిన అమ్మాయి ఏ ట్యాగులోనూ లేదు. ఆమె బడికి వెళ్లడం కొనేవాళ్ల ఎంపిక మీద కాకుండా తల్లిదండ్రుల కూలి రేటు మీద, ఊరి బడి మీద, చట్టం అమలు మీద ఆధారపడుతుంది. ఆ మేరకు కొనేవాళ్లుగా మన శక్తి చిన్నది. పౌరులుగా అడగాల్సింది చాలా ఉంది.

మనకు దగ్గర్లోనే మరో దారి ఉంది. ఆప్కోలోనో ఊళ్లోని చేనేత సహకార సంఘంలోనో మంగళగిరి, చీరాల నూలు గుడ్డ మీటర్ల లెక్కన తీసుకుని వీధి చివర టైలరు చేత కుట్టించుకోవచ్చు. గుడ్డను ముందే నీళ్లలో నానబెట్టి ఆరేశాక కుట్టిస్తే తర్వాత కుంచించుకుపోదు, టక్కులు కావాలంటే వేస్తారు, కుట్టినవాళ్ల ముఖం మనకు తెలుస్తుంది. 2019–20 చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షల మందికి పైగా చేనేత పనిలో ఉన్నారు, వాళ్లలో 70 శాతం పైనే స్త్రీలు. అయినా మూడింట రెండు వంతుల నేత కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపే. ఈ అంకె చూశాక చేనేత అయినంత మాత్రాన న్యాయమైన బట్ట అనలేం. నేసినవాళ్లకు ఎంత ముట్టిందన్నది అక్కడా అడగాల్సిన ప్రశ్నే, సంఘం ద్వారా కొంటే జవాబు దొరికే అవకాశం ఎక్కువ. చేనేత నూలుకు కూడా ఎక్కువగా రసాయన రంగులే అద్దుతారు. పెడన కలంకారీలో కరక్కాయ, పటిక, నీలిమందు వాడే పద్ధతి ఉన్నా, కలంకారీ పేరుతో బజారులో దొరికేది చాలావరకు స్క్రీన్ ప్రింటు. విత్తనం సంగతికొస్తే, శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరుకు వాడే పునాస పత్తి, కొండపత్తి దేశవాళీ రకాలు. వాటికి క్రాసింగ్ పనే లేదు, రైతు తన పంట గింజనే దాచుకుని మళ్లీ వేసుకుంటాడు. ఆ సన్నని ఖద్దరు పిల్లల రోజువారీ బట్టకు అందుబాటులో ఉండేది కాదు. కానీ పిల్లల చేతులు తగలని పత్తి అసాధ్యమేమీ కాదని అది నిరూపిస్తోంది.

అందరూ కొనడం తగ్గిస్తే కుట్టేవాళ్ల బతుకేం కావాలి అన్న ప్రశ్నకు జవాబు అంత సులువు కాదు. 2020లో కరోనా వచ్చినప్పుడు విదేశీ బ్రాండ్లు బంగ్లాదేశ్‌లో 300 కోట్ల డాలర్లకు పైగా ఆర్డర్లను రద్దుచేశాయి లేదా ఆపేశాయి. వేటు నేరుగా కార్మికుల మీద పడింది. అమ్మకాలు తగ్గితే మొదట నష్టపోయేది వాళ్లేనని దాన్నిబట్టి తెలుస్తుంది. అదే ఉదాహరణ ఇంకో సంగతి కూడా చెబుతుంది. అన్నేళ్లు అమ్మకాలు విపరీతంగా పెరిగినా ఆ కార్మికులకు రెండు నెలలు కూర్చుని తినేంత మిగులు చేరలేదు. ఎక్కువ కొనడం వాళ్లను కాపాడలేదు. తక్కువ బట్టలకు ఎక్కువ ధర ఇచ్చి, ఆ ఎక్కువలో కూలి వాటా పెరిగేలా అడిగితే, మొత్తం కూలి తగ్గాల్సిన అవసరం లేదు. దానికితోడు సరిచేయడం, వదులు చేయడం, గుండీలు మార్చడం, పాతదాన్ని విప్పి కొత్తగా కుట్టడం ఇవన్నీ ఊళ్లో చేతులకు దొరికే పనులు. ఈ మార్పు ఒక్కరోజులో జరగదు కాబట్టి సర్దుకునే వ్యవధి కూడా ఉంటుంది. ఇది పూర్తి సమాధానమని అనను. కానీ బీరువాలో తొడగని చొక్కాలు పేర్చడం కార్మికులకు మేలు చేయడమే అన్న మాట నిలవదు.

పాలిస్టరు మాటేమిటి మరి? త్వరగా ఆరుతుంది, ఇస్త్రీ అడగదు, ఏళ్లు మన్నుతుంది. ఎన్నిసార్లు తొడిగామన్నదే కొలత అయితే దానికే మార్కులెక్కువ రావాలి కదా అనవచ్చు. రావాలి. మన్నికను మన్నికగా ఒప్పుకోవాల్సిందే. పోనీ పత్తికేమీ మచ్చ లేదా అంటే, దానికి పట్టే నీళ్లు, పురుగుమందులు తక్కువేమీ కావు. మన దేశంలో పత్తి మూడింట రెండు వంతులు వర్షాధారమే అయినా పురుగుమందుల భారం రైతును వదల్లేదు. 1997–98లో వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు అందుకు సాక్ష్యం. అయినా ఏప్రిల్, మే ఎండల్లో పసిబిడ్డకు చెమట పీల్చని గుడ్డ వేయడం హింస. ఉతికిన ప్రతిసారీ పాలిస్టరు నుంచి కంటికి కనబడని పోగులు నీళ్లలోకి వెళ్తాయి, అవి మట్టిలో కలిసిపోవు. నిప్పు అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది, దీపావళికి పిల్లలకు నూలు బట్టలే వేయమని పెద్దలు పోరేది అందుకే. ఒంటికి ఆనుకునేవి, పసిపిల్లలవి నూలువి, స్వెట్టర్లు, వాన కోట్లు లాంటివి చేతులు మారుతూ ఎక్కువకాలం వాడేలా సింథటిక్‌వి కొంటే సబబుగా ఉంటుంది.

ఈ కొలత పట్టుకుని చూస్తే, అందరూ ఎంతో ఆలోచించి కొనే పండుగ బట్టల కంటే ఎవరూ ఆలోచించని యూనిఫామే పెద్ద విషయమని తేలుతుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఏడాదికి 200, ఆరు నుంచి ఎనిమిది దాకా 220 బడి రోజులుండాలి. పిల్లలు జీవితంలో అత్యధికంగా తొడిగే బట్ట అదే. సమగ్ర శిక్ష పథకం కింద ప్రభుత్వ బడుల పిల్లలకు రెండు జతలకు ఇచ్చే మొత్తం ఏడాదికి 600 రూపాయలు. తెలంగాణలో ఆ గుడ్డ చాలామటుకు సిరిసిల్ల మరమగ్గాల మీద తయారవుతుంది, కుట్టుపనిని స్వయం సహాయక సంఘాల మహిళలకు అప్పగిస్తున్నారు. ఎవరు నేశారు, ఎవరు కుట్టారు, ఎంత ఇచ్చారు అన్న మూడు ప్రశ్నలకూ ఊరి స్థాయిలోనే జవాబు దొరికే బట్ట ఇది. ఏ ఖరీదైన బ్రాండూ ఇంత పారదర్శకంగా ఉండదు. కుట్టుకూలి పెంచమని, గుడ్డలో నూలు శాతం పెంచమని, పక్కల కుట్టులో, అంచులో మడత వదలమని ప్రభుత్వాన్ని అడిగితే దాని ఫలితం లక్షల మంది పిల్లల ఒంటిమీద కనిపిస్తుంది. ప్రైవేటు బడుల్లో చిక్కు మరో రకం. రోజువారీ యూనిఫాం, బుధవారం తెల్ల డ్రెస్సు, హౌస్ డ్రెస్సు, స్పోర్ట్స్ డ్రెస్సు అంటూ నాలుగు రకాలు, అవీ చెప్పిన దుకాణంలోనే కొనాలి, రెండేళ్లకోసారి రంగో గళ్లో మారతాయి. డిజైను మారిన ఏడాది అన్న చొక్కా తమ్ముడికి పనికిరాదు. బాగున్న వేల జతలు ఒక్క నిర్ణయంతో వృథా అవుతాయి. జూన్‌లో బడి తెరిచే ముందు జరిగే తల్లిదండ్రుల సమావేశంలో రెండు కోరికలు పెట్టవచ్చు. డిజైనును కనీసం ఐదేళ్లు మార్చకూడదు. పై తరగతికి వెళ్లిన పిల్లల యూనిఫాంలు ఉతికి తెచ్చి ఇచ్చిపుచ్చుకోవడానికి బడిలోనే ఒక రోజు, ఒక గది కేటాయించాలి. యాజమాన్యానికి దీనివల్ల ఖర్చేమీ లేదు, దుకాణం కమీషను తప్ప.